కళ్ళంలో మేర, గుమ్మంలో మామూలు

ఇంట్లో పనిచేసే మనిషికి పండక్కి ఎంత ఇవ్వాలి, హోటల్ కుర్రాడికి ఎంత వదలాలి అన్న ప్రశ్నలకు చరిత్ర చెప్పేవాళ్ళు మనలో రెండు రకాలు. ఒకరి లెక్కలో టిప్పు దొరల అలవాటు. క్లబ్బుల్లో మొదలై, హోటళ్ళకు పాకి, చివరికి మన వంటింటి దాకా వచ్చింది. అంతకుముందు మనకున్నవల్లా దానధర్మాలే. రెండో వర్గం దీన్ని జమీందారీ నాటి మిగులుగా చూస్తుంది. జీతాలు పెరిగితే పండగ మామూలు దానంతటదే పోతుందని వాళ్ళ నమ్మకం. వినడానికి రెండూ బాగానే ఉంటాయి. విశాఖ రేవు పక్కనున్న యారాడ కొండకు అటూ ఇటూ గడిచిన తొంభై ఏళ్ళలో వచ్చిన మార్పును దగ్గరగా చూస్తే మాత్రం ఈ కథలు నిలవవు. విశాఖలో ఇవాళ మనం చూసే పండగ మామూలు నెల జీతం, బోనస్ వచ్చాక, వాటి పక్కనే, వాటి డబ్బుతోనే పెరిగిన కొత్త ఆచారమని నా వాదన.

పాత సంగతులు చాలామందికి తెలిసినవే కనుక క్లుప్తంగా చెబుతాను. ఊరి చాకలి, మంగలి, కుమ్మరి, వడ్రంగి, కమ్మరి ఏడాది పొడుగునా చేసిన పనికి పంట నూర్చిన రోజున కళ్ళంలోనే ధాన్యం కొలిచేవారు. అదే మేర. 1812లో బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వెళ్ళిన ఐదో నివేదిక మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెను వర్ణిస్తూ ఈ వృత్తులవాళ్ళను వరసగా పేర్కొంది. హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే పుస్తకం 1955లో వచ్చేనాటికి కూడా తెలుగు పల్లెల్లో ఆ కొలత బతికే ఉంది. రైతు తన రాశిని ఇంటికి చేర్చకముందే మేర బయటికి పోయేది. ఇచ్చేవాడి మంచితనంతో దానికి పని లేదు.

అయితే దీన్ని స్వర్ణయుగంగా చూపించే వ్యాసాలతో నాకు పేచీ ఉంది. మేర కులానికి కట్టిన కొలత. మానుకునే వీలు లేని పనికి వచ్చే హక్కును ఎంతవరకు హక్కనగలం? పైగా కళ్ళంలో కొలత మగవాడి పేరున జరిగేది. రాత్రిపూట బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అన్నం తెచ్చుకోవడం ఇంటి ఆడమనిషి వంతు. పట్నాల్లో పాకీ పనిలో పెట్టిన రెల్లి కుటుంబాలకైతే కళ్ళమూ లేదు, మేరా లేదు. ఇంటికింతని చిల్లర, మిగిలిన కూడు.

దసరా మామూలుది ఇంకో దారి. వీధిబడి పంతులు పిల్లల చేతికి గిలకలిచ్చి, పాటలు పాడిస్తూ ఇల్లిల్లూ తిప్పేవాడు. గృహస్థులు ఆయనకు డబ్బులు, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. పంతులు నెల జీతగాడయ్యాక ఆ తిరుగుడు ఆగిపోయింది. రెండో వర్గానికి చాలా ఇష్టమైన ఉదాహరణ ఇది: జీతం వచ్చింది, మామూలు పోయింది. నిజమే. ఆ పంతులుగారింట్లో అంట్లు తోమిన మనిషి సంగతి మాత్రం వాళ్ళు అడగరు.

ఇక దొరల పద్ధతి. ఫ్లోరా ఆనీ స్టీల్, గ్రేస్ గార్డినర్ అనే ఇద్దరు దొరసానులు 1888లో హిందూదేశంలో కాపురం చేసే ఇంగ్లీషు ఇల్లాళ్ళ కోసం వంటావార్పూ ఇంటి నిర్వహణా నేర్పే పుస్తకం ఒకటి అచ్చువేశారు. చాలాకాలం చెలామణీ అయిన పుస్తకం. అందులో నౌకర్ల గురించి ఒక చిట్కా ఉంది. మనిషి దొరకగలిగినంత తక్కువ జీతానికి కుదుర్చుకోవాలి. దాని మీద కొంత మొత్తాన్ని బక్షీసుగా పెట్టి, పని బాగుంటేనే ఇవ్వాలి. క్లబ్బు నుంచి టిప్పు వచ్చిందనే మొదటి వర్గం ఈ పేజీని చదవాలని నా మనవి. ఇక్కడ జరిగింది వేరు. జీతంలో ఇవ్వవలసిన కొంత భాగాన్ని ఆపి, దాన్నే దయగా తిరిగి చూపించారు. మేరకు కొలత ఉండేది, దీనికి షరతు వచ్చింది. నౌకర్లూ తక్కువ తినలేదు. సరుకు తెచ్చిన వంటవాడు దుకాణదారు దగ్గర రూపాయికింతని దస్తూరీ పుచ్చుకునేవాడు. అమ్మగారికి అది తెలుసు, తెలిసినట్టు అతనికీ తెలుసు. వాల్తేరు మిట్ట మీది బంగ్లాలు కూడా ఈ లోకంలోవే. కానీ ఆ బంగ్లాలు ఎన్ని? ఒక నగరం అలవాటును మార్చగలిగినన్ని కావు.

అసలు మలుపు రేవులో ఉంది. 1933లో విశాఖ రేవు తెరిచారు. 1941లో సింధియా నౌకానిర్మాణ కేంద్రానికి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948లో అక్కడ కట్టిన జల ఉషను నెహ్రూ నీటిలోకి వదిలారు. 1957కి కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం ఉన్న యారాడ నుంచి చూస్తే ఇదంతా కొండకు అవతల జరిగిన వ్యవహారం. ఇవతల చేపల వాటాలు, పొలం కూలి. అవతల మల్కాపురం, సింధియా వైపు నెల తిరిగేసరికి జీతం. ఆ జీతంతోపాటు బోనస్ అనే కొత్త వస్తువు కూడా మన తీరానికి చేరింది. మామూళ్ళ చరిత్ర రాసేవాళ్ళు బోనస్ చరిత్రను ఎందుకు పక్కన పెడతారో నాకు అంతుపట్టదు. ఎందుకంటే బోనస్ కూడా మొదట అచ్చం పండగ మామూలే.

1917లో, యుద్ధం రోజుల్లో, బొంబాయి బట్టల మిల్లుల యజమానులు జీతం మీద పది శాతం అదనంగా ఇచ్చారు. మరుసటి ఏడు పదిహేను చేశారు. లాభాలు పొంగిన ఆ తర్వాతి ఏళ్ళలోనూ ఇచ్చారు. ఆ తర్వాత ఒక ఏడు ఇవ్వమన్నారు. 1924 మొదట్లో మిల్లులన్నీ సమ్మెతో ఆగిపోయాయి. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి నార్మన్ మాక్లాయిడ్ ఆధ్వర్యంలో కూర్చున్న కమిటీ, ఆచారం ప్రకారం గానీ చట్టం ప్రకారం గానీ న్యాయం ప్రకారం గానీ కార్మికులకు బోనస్ అడిగే హక్కు లేదని తేల్చింది. ఇష్టముంటే ఇస్తారు, లేకుంటే లేదు. ఆ మాట పనిమనిషికి ఇవాళ్టికీ వర్తిస్తోంది కదా!

మిల్లు కార్మికుడి విషయంలో ఆ మాట నిలవలేదు. 1950లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ లాభాల్లో కార్మికుడి భాగం లెక్కగట్టడానికి ఒక సూత్రం ఇచ్చింది. 1961లో వేసిన మెహెర్ కమిషన్ 1964లో నివేదిక ఇచ్చింది. 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది: కనీసం 4 శాతం, గరిష్ఠం 20 శాతం. 1972లో కనీసాన్ని 8.33 శాతానికి, అంటే దాదాపు ఒక నెల జీతానికి పెంచారు. ఎమర్జెన్సీలో కోత పడింది, 1977లో తిరిగి వచ్చింది. చట్టం లాభనష్టాల లెక్కతోనే ఆగలేదు. యజమాని అప్పటికే పూజా బోనస్ లాంటి ఆచారపు బోనస్ ఇచ్చి ఉంటే దాన్ని ఈ బోనస్‌లో మినహాయించుకోవచ్చని కూడా రాసింది. పండగ కానుక ఆ రకంగా చట్టం పుస్తకంలోకి నడిచి వచ్చింది.

నేను ఇక్కడ ఎక్కువసేపు నిలబడటానికి కారణం ఇంకొకటుంది. 1959లో గ్రాహం ట్రేడింగ్ కంపెనీ కేసులో పూజా బోనస్ మీద సుప్రీంకోర్టు చూసిన అంశాలు ఇవి: ఎన్నో ఏళ్ళు తెంపు లేకుండా ఇచ్చారా? నష్టం వచ్చిన ఏడు కూడా ఇచ్చారా? ఒకే రేటున ఇచ్చారా? ఇవన్నీ ఉంటే ఆచారమే హక్కుగా నిలుస్తుంది. ఇప్పుడు గాజువాకలోనో ఉక్కునగరంలోనో ఒక ఇల్లు తీసుకోండి. పనిమనిషికి సంక్రాంతికి చీర, జాకెట్టు గుడ్డ, మీద కొంత రొక్కం. ఏటేటా వెళ్తుంది. పెళ్ళి ఖర్చుతో అప్పులపాలైన ఏడు కూడా వెళ్తుంది, ఎగ్గొడితే నలుగురిలో పరువు పోతుంది కనుక. పక్కవాటా ఆవిడ ఎంత ఇచ్చిందో వాకబు చేశాకే వెళ్తుంది కనుక రేటు కూడా ఇంచుమించు ఒకటే. కోర్టు పరీక్షలు మూడూ నెగ్గాయి. అయినా గుమ్మంలో నిలబడి "పండక్కి ఏటిస్తారమ్మా?" అని అడగవలసింది ఆమే.

ఇల్లు కంపెనీ కాదు, దానికి లాభాలెక్కడివి అని ఇక్కడ అభ్యంతరం వస్తుంది. ఆచారపు బోనస్‌కు లాభంతో లంకె లేదన్నదే ఆ తీర్పు సారం కనుక ఈ అభ్యంతరానికి బలం తక్కువ. రెండోది కాస్త గట్టిది: ఇది ప్రేమతో ఇచ్చేది, ఆమె మా ఇంటి మనిషి, చట్టం వేలు పెడితే ఆ ప్రేమ పోతుంది. ప్రేమ ఉండదని నేను అనను. పిల్ల పెళ్ళికో, ఆసుపత్రికో వడ్డీ లేకుండా ఇచ్చే చేబదులు చాలామంది పనివాళ్ళకు చీర కంటే విలువైనది. జీతంలో నెలనెలా విరిగిపోయినా సరే. కానీ ఆ చేబదులే ఆమెను ఇంకో ఇంటికి మారనివ్వదు కూడా. ఇంటి మనిషికి ఆ ఇంట్లో కంచం వేరు, గ్లాసు వేరు ఉండటం గురించి వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

బోనస్ కథను నేను మరీ నున్నగా చెబుతున్నానేమో. డాక్ లేబర్ పథకాల కింద నమోదైన రేవు కార్మికులను 1965 చట్టం తన పరిధిలో పెట్టుకోలేదు; వాళ్ళ లెక్కలు వేరుగా తేలాయి. ఇరవైమంది కంటే తక్కువున్న చోట సాధారణంగా చట్టం లేదు. ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేస్తే చాలని చట్టం అన్నా, కాంట్రాక్టు కూలీకి అది ఏ మేరకు అందుతుందో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా క్వార్టర్లలో స్థిరపడ్డ ఫిట్టరు, గుమస్తా, క్రేన్ ఆపరేటరు ఒకే తరంలో పండగ కానుకను హక్కుగా మార్చుకున్నారన్నది కాదనలేం. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఆ తరహా ఇళ్ళను వేలల్లో పెంచింది. భూమి పోయిన ఊళ్ళ ఆడవాళ్ళు కొందరు ఆ ఇళ్ళలోనే గిన్నెలు తోమారు. దసరాకు యూనియన్ కట్టి బోనస్ శాతం కోసం పోట్లాడినాయన ఇంట్లోనే సంక్రాంతికి పనిమనిషి చీర రంగు గురించి బేరం నడిచేది. వీళ్ళలో దుర్మార్గులెవరూ లేరు. హక్కు అనే ఆలోచన ఫ్యాక్టరీ గేటు దాటి ఇంటిదాకా రాలేదు, అంతే. జీతాలు పెరిగినకొద్దీ మామూలు తగ్గుతుందన్న రెండో వర్గం జోస్యం తారుమారైంది ఇక్కడే. ఇచ్చేవాడి జీతం పెరిగేసరికి మామూలు కూడా లావెక్కింది; పుచ్చుకునేదాని జీతం మాత్రం ఆ జోరున పెరగలేదు.

అమెరికాలో దీనికి సరిపోయే కథ ఒకటుంది. పుల్‌మన్ రైలు పెట్టెల్లో పక్కలు వేసిన నల్లజాతి పోర్టర్లు తక్కువ జీతం, టిప్పుల మీద బతికేవారు. 1925లో ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సంఘం కట్టి, టిప్పు కోసం చెయ్యి చాచక్కర్లేని జీతం కావాలన్నారు. 1937లో కంపెనీతో ఒప్పందం సాధించారు. అదే దేశంలో టిప్పులు వచ్చే కొలువులకు కేంద్ర కనీస నగదు వేతనం 1991 నుంచి గంటకు 2.13 డాలర్ల దగ్గరే ఆగింది. మిగతాది కస్టమర్ దయ. డాలస్‌లో భోజనానికి ఇరవై శాతం లెక్కగట్టి వదిలే మనవాళ్ళు, సెలవులకు విశాఖ వచ్చినప్పుడు అమ్మానాన్నల ఇంట్లో పనిచేసే ఆమె చేతిలో ఐదొందల నోటు పెట్టి ఉదారంగా ఫీలవుతారు. రెండుచోట్లా ఒకరు ఎగ్గొట్టిన జీతాన్ని ఇంకొకరు పూడుస్తున్నారు.

ఇవాళ్టి సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో ఇంటిపనికి కనీస వేతనాలు ప్రకటించింది. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ గృహకార్మికుల ఒప్పందానికి భారతదేశం ఓటు వేసింది, కానీ ధ్రువీకరించలేదు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 'పరిశ్రమ' నిర్వచనం నుంచి ఇంటి సేవను మినహాయించింది. 2025 నవంబరులో కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చినా బోనస్‌కు ఇరవైమంది గీత అలాగే ఉంది. చట్టం చురుకుగా కదిలింది వేరేచోట. హోటళ్ళు బిల్లులో సర్వీసు ఛార్జీ దానంతటదే కలపకూడదని 2022 జులైలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. అదే ఏడు మేలో, బండి రాకముందే టిప్పు అడుగుతున్నారని ఊబర్‌కు నోటీసు వెళ్ళింది. ఈ రెండూ మంచివే. కానీ రెండింటిలోనూ రక్షణ దొరికింది డబ్బు ఇచ్చేవాడికి. పళ్ళెం తెచ్చినవాడి చేతికి, గది తుడిచిన మనిషి చేతికి ఎంత చేరుతోందన్నది ఆ కాగితాల్లో ముఖ్య ప్రశ్న కాలేదు. యారాడ తీరానికి ఆదివారం వచ్చే అతిథి వడ్డించిన కుర్రాడికి నోటు ఇచ్చి వెళ్తాడు. అతను ఖాళీ చేశాక దుప్పట్లు మార్చే ఆవిడ అతని కంట పడనే పడదు.

కొన్ని అపార్టుమెంట్లలో ఈమధ్య వాచ్‌మన్‌కు, ఊడ్చేవాళ్ళకు ఫ్లాటుకింతని పండగ మొత్తం నోటీసు బోర్డు మీదే రాస్తున్నారు. మేర తరహా కొలత తిరిగి వచ్చినట్టే. ఈసారి కులం కట్టు లేదు, కనీసం కాగితం మీద. పనిమనిషి మాత్రం ఎవరి ఫ్లాటు వ్యవహారం వాళ్ళది కనుక ఆ బోర్డు మీద ఉండదు. ఆమెకూ పదమూడో నెల జీతం కుదుర్చుకున్న రోజే ఒప్పుకోవాలని, పండగకు వారం ముందు రొక్కంగా ఇవ్వాలని, సెలవులు పెట్టిందని అందులో విరవకూడదని నా అభిప్రాయం. చీర ఇస్తే వేరే ఇవ్వండి. దీని మీద నాకే ఒక సందేహం ఉంది. పదమూడు నెలల జీతం మాటిచ్చి, నెల జీతాన్ని ఆ మేరకు కోసుకునే ఇళ్ళు తప్పకుండా ఉంటాయి. స్టీల్, గార్డినర్ దొరసానుల లెక్క అదే కదా. కనీస వేతనం గట్టిగా అమలైతే తప్ప దీన్ని ఆపలేం. ఆ అమలు చూడవలసిన లేబర్ ఇన్‌స్పెక్టర్ దుకాణంలోకి వస్తాడు, ఫ్యాక్టరీలోకి వస్తాడు. ఇంటి గుమ్మం దాటి లోపలికి వచ్చే దారి మాత్రం ఇంతవరకు ఎవరూ వేయలేదు.