ఒకటి రెండు చోట్ల

2024 మే 26, ఆదివారం. రోహిణి కార్తె వచ్చి రెండో రోజు. రోళ్లు పగిలే ఎండలని పెద్దలు చెప్పే కాలం. తెలంగాణలో ఏప్రిల్ 24న మొదలైన బడి సెలవులు జూన్ 11 దాకా ఉన్నాయి. అమ్మమ్మల ఇళ్లు పిల్లలతో కళకళలాడుతున్నాయి. రాత్రి ఏడున్నరకు చెన్నైలో ఐపీఎల్ ఫైనల్. ఆడేది సన్‌రైజర్స్ హైదరాబాద్. పొద్దుగూకేలోపు పనులు తెముల్చుకుని టీవీ ముందు కూర్చోవాలని ఎంతమంది అనుకున్నారో.

ఆ రోజు వాతావరణ వార్త కూడా పెద్దదే. కానీ అది మన ఊరి వార్త కాదు. బంగాళాఖాతంలో రెమాల్ తుపాను బలపడి, గంటకు 110 నుంచి 120 కిలోమీటర్ల గాలులతో ఆ రాత్రే పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ తీరాలను దాటబోతోంది. దానికో పేరుంది. ఏ దారిన వస్తుందో, ఎన్ని గంటలకు తీరం తాకుతుందో పటం మీద గీసి చూపించవచ్చు.

మన వేసవి గాలివానకు పేరుండదు. మే నెలలో వాతావరణ శాఖ బులెటిన్ తీసి చూడండి, తరచూ ఒకే రకం వాక్యం కనిపిస్తుంది: ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులతో వాన పడే అవకాశం. అందులో 'ఒకటి రెండు చోట్ల' అన్నది ఊరికే వాడిన మాట కాదు, దానికో లెక్క ఉంది. ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు, లేదా అంతకన్నా తక్కువ చోట్ల పడుతుందని దాని అర్థం. ఏ ఊళ్లోనో ముందురోజే చెప్పడం శాస్త్రానికి ఇంకా సాధ్యం కాదు. వినేవాళ్లకు మాత్రం ఆ ఒకటి రెండు చోట్లు ఎప్పుడూ వేరే ఊళ్లే.

మధ్యాహ్నానికి నేల పెనంలా కాలుతుంది. నేలను అంటిన గాలి వేడెక్కి, సముద్రం మీదుగా వచ్చిన తేమను మోసుకుంటూ పైకి లేస్తుంది. పడమటి దిక్కున తెల్లగా మొలిచిన మబ్బు చూస్తుండగానే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు పెరిగి, కిందివైపు నల్లబడుతుంది. అందులోంచి జారిన చినుకులు పొడిగాలిలో ఆవిరైపోతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. చల్లబడ్డ గాలి బరువెక్కి ఒక్క ఉదుటున కిందికి దూకి, నేలను తాకి నలుదిక్కులా పరుచుకుంటుంది. అందుకే వాన కన్నా ముందు దుమారం వస్తుంది.

ఆ ఘడియ ఎంత హాయిగా ఉంటుందో మనందరికీ తెలుసు. పొద్దుటినుంచి ఉడికిన ఒంటికి చల్లగాలి తగులుతుంది. పిల్లలు రాలిన మామిడికాయల కోసం తోటలోకి పరుగెత్తుతారు. ఆడవాళ్లు డాబా మీది వడియాలు, బట్టలు తీయడానికి మెట్లెక్కుతారు. పొలంలో ఉన్నవాళ్లు దగ్గర్లో ఏ నీడ కనబడితే ఆ నీడకు చేరతారు. ప్రాణాలు పోయేది కూడా ఆ ఘడియలోనే.

నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఇంద్రకల్‌లో ఆ ఆదివారం ఒక షెడ్డు పని నడుస్తోంది. గాలి లేచింది. కడుతున్న గోడ కూలింది. దాని కింద నలుగురు చనిపోయారు. అందులో ఇద్దరు ఒకే ఇంటివాళ్లు. ఆఖరి క్షణాల్లో వాళ్లు ఏం మాట్లాడుకున్నారో రాయడానికి నాకు మనసు రాలేదు, రాస్తే అది కల్పనే అవుతుంది. ఒక్కటి చెప్పగలను. గాలి వేగం రెట్టింపైతే గోడ మీద దాని తోపు నాలుగింతలవుతుంది. పైన స్లాబు గానీ, పక్కన అడ్డగోడ గానీ లేకుండా ఒంటరిగా నిలబడ్డ కొత్త గోడకు, సిమెంటు సరిగా గట్టిపడకముందే అంత తోపు తగిలితే ఆగే బలం ఉండదు.

శామీర్‌పేట వైపు బైకు మీద వెళ్తున్న ఇద్దరి మీద చెట్టు కూలింది. హైదరాబాద్‌లోనూ చెట్లు విరిగాయి, కరెంటు పోయింది. ఆ ఒక్క రోజున రాష్ట్రంలో పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లను తీసుకుపోయింది వరద కాదు. గోడలు, ఇటుకలు, చెట్లు, పిడుగులు.

అదే ఆదివారం పొద్దున మనకు తొమ్మిది గంటలవుతున్న వేళ, అమెరికాలోని టెక్సస్‌లో శనివారం రాత్రి పదిన్నర. మన తెలుగువాళ్లు వేలల్లో ఉండే డాలస్‌కు ఉత్తరాన, వ్యాలీ వ్యూ అనే చిన్న ఊరి మీద టోర్నడో విరుచుకుపడింది. అక్కడా సెలవులే, మెమోరియల్ డే వారాంతం. ఆ చుట్టుపక్కల ఏడుగురు చనిపోయారు. కానీ హైవే పక్కన పెట్రోలు బంకు దగ్గర వాహనాలు ఆపిన పదుల మంది లోపలికి పరుగెత్తారు. చాలామంది బాత్‌రూముల్లో ఒకరినొకరు అదుముకుని కూర్చున్నారు. బంకు పైకప్పు చిరిగిపోయింది. లోపలివాళ్లు ప్రాణాలతో బయటికొచ్చారు. హెచ్చరిక వస్తే ఏ గదిలోకి దూరాలో అక్కడ చిన్నప్పటినుంచీ బడిలో నేర్పుతారు. మన పిల్లలకు ఉరుము ఉరిమితే అర్జునా, ఫల్గుణా అనుకోవడం నేర్పాం. చెట్టు కింద నిలబడొద్దని అంత గట్టిగా నేర్పలేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ముందురోజు ఊరి పేరు చెప్పలేని శాస్త్రం మూడు గంటల ముందు మాత్రం చాలావరకు చెప్పగలదు. మబ్బును రాడార్ పట్టుకుంటుంది. వాతావరణ శాఖ జిల్లాల పేర్లతో సహా హెచ్చరిక విడుదల చేస్తుంది. దామిని యాప్ చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడే పిడుగుల సంగతి చెబుతుంది. వాతావరణ శాఖ హెచ్చరికలో పసుపు రంగు కనబడితే గమనిస్తూ ఉండాలి, నారింజ అయితే సిద్ధపడాలి, ఎరుపు అయితే వెంటనే కదలాలి. అయితే ఇదంతా ఫోను చేతిలో ఉన్నవాళ్ల వరకే. తాపీ పట్టుకుని గోడెక్కిన మేస్త్రీకి, తట్ట మోసే కూలీకి, గొర్రెల వెంట తిరిగే కాపరికి అది చేరాలంటే మధ్యలో మనిషి ఉండాలి.

ఈ వేసవిలో మీ ఇంటి పనో, మీ పొలం పనో నడుస్తుంటే ఆ మనిషి మీరే కండి. ఫోనులో హెచ్చరిక రాగానే ఒకసారి కేకేయండి: "మేస్త్రీ, దిగిరా. అందరూ గోడ దగ్గర్నుంచి ఇవతలికి రండి." గంట పని ఆగినా కూలి కోయకండి.