ముఖానికీ లెన్సుకీ మధ్య

కొత్తగా కొన్న 85 ఎం.ఎం. లెన్సుతో ఫొటో తీద్దామని అమ్మమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టాను. కెమెరా కంటికి ఆనించానో లేదో, నడుం నిటారైపోయింది, చేతులు మోకాళ్ళ మీదకి వచ్చేశాయి, ఊపిరి కూడా బిగబట్టేసింది. "మామూలుగా ఉండు అమ్మమ్మా" అంటే, "కదిలితే పాడైపోదూ?" అంది. సెకనులో రెండు వందలో వంతు చాలే కెమెరా అది. ఆవిడ మాత్రం ఎప్పటిదో స్టూడియో కుర్చీలో కూర్చుని ఉంది.

ఆ బిగుసుకుపోవడం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతుక్కుంటూ వెళ్తే, నా చేతిలో ఉన్న లెన్సు కథ కూడా అక్కడే మొదలైందని తెలిసింది.

1839 ఆగస్టులో పారిస్‌లో దగేర్ తన పద్ధతిని లోకానికి వెల్లడించాడు. వీధులు వచ్చాయి, భవనాలు వచ్చాయి. మనుషులే సరిగ్గా రాలేదు. అప్పటి లెన్సు ఎపర్చర్ సుమారు ఎఫ్/15. అంత చిన్న కంతలోంచి ముఖం మీది వెలుగు ప్లేటు మీద పడాలంటే ఎండలో కూడా నిమిషాల కొద్దీ కదలకుండా కూర్చోవాలి. అందుకే మెడ వెనకాల ఇనప ఊతం పెట్టేవారు. నవ్వు నిమిషాలపాటు నిలబడదు. బిగించుకున్న ముఖం నిలబడుతుంది. తొలినాటి ఫొటోల్లో జనం అంత గంభీరంగా కనిపించడానికి మర్యాద ఒక కారణమైతే లెన్సు ఇంకో కారణం.

ఈ చిక్కు విప్పినవాడు ఫొటోగ్రాఫర్ కాదు. వియన్నా విశ్వవిద్యాలయంలో లెక్కల ప్రొఫెసర్, యోజెఫ్ పెట్జ్‌వాల్. అప్పటిదాకా లెన్సులంటే అరగదీసి చూడటం, బాగాలేకపోతే మళ్ళీ అరగదీయడం. ఇతను గాజు ముట్టుకోకముందే కాగితం మీద లెక్క తేల్చాలనుకున్నాడు. అది ఒక్క మనిషి వల్ల అయ్యే లెక్క కాదు. ఆస్ట్రియా ఫిరంగి దళాల పెద్ద ఆర్చ్‌డ్యూక్ లుడ్విగ్, లెక్కలొచ్చిన సైనికుల్ని కొందరిని అతనికి అప్పగించాడు. ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో లెక్కగట్టేవాళ్ళు కూర్చుని, కాంతికిరణం ఎక్కడ పడుతుందో లెక్కగట్టారు. ఆ లెక్క ప్రకారం 1840లో ఫోక్ట్‌లెండర్ తయారుచేసిన లెన్సు ఎపర్చర్ ఎఫ్/3.6. పాతదానితో పోలిస్తే 15 నుంచి 20 రెట్లు ఎక్కువ వెలుగు. నిమిషాలు సెకన్లయ్యాయి. ఊరూరా పోర్ట్రెయిట్ స్టూడియోలు వెలిశాయి.

పెట్జ్‌వాల్‌కి ముట్టింది ఒక్కసారి ఇచ్చిన 2,000 గిల్డర్లు. ఆస్ట్రియా బయట పేటెంటు లేకపోవడంతో ఇతర దేశాల వాళ్ళంతా ఆ నమూనా కాపీ కొట్టుకున్నారు. ఫోక్ట్‌లెండర్‌తో గొడవపడి విడిపోయాడు. 1859లో ఇంట్లో దొంగలు పడి అతని రాతప్రతుల్ని నాశనం చేశారు.

ఆ లెన్సుకో లోపం ఉండేది. మధ్యలో కత్తిలాంటి స్పష్టత, అంచులకి వెళ్ళేకొద్దీ మసక. కొండల్నో కోటనో తీస్తే పనికిరాదు. కానీ ముఖానికి? కళ్ళు స్పష్టంగా ఉండి, వెనకున్నదంతా కరిగిపోతే చూపు నేరుగా మనిషి మీదే పడుతుంది. వెలుగు కోసం సర్దుకున్న లోపం కాస్తా చూసేవాళ్ళకి అలవాటై, తర్వాత అందమైపోయింది. ఇవాళ మనం "ప్రొఫెషనల్ లుక్" అంటున్నది చాలావరకు ఆ లోపమే. ఫోన్లలో పోర్ట్రెయిట్ మోడ్ చేసేదీ అదే, కాకపోతే లెన్సు బదులు లెక్కలతో. అందుకే అప్పుడప్పుడు చెవిని కూడా బ్యాక్‌గ్రౌండ్ అనుకుని చెరిపేస్తుంటుంది.

ఈ మసకని లోపమని ఒప్పుకోనివాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది జూలియా మార్గరెట్ కామెరాన్ గురించి. కలకత్తాలో 1815లో పుట్టింది. 48 ఏళ్ళ వయసులో, 1863 చివర, కూతురు కెమెరా బహుమతిగా ఇస్తే మొదలుపెట్టింది. ఫోకస్ తిప్పుతూ, తన కంటికి ఎక్కడ అందంగా అనిపిస్తే అక్కడే ఆపేసేదాన్నని తనే రాసుకుంది. ఫోకస్ చేయడం రాదని విమర్శకులు వెక్కిరించారు. ఆవిడ తీసిన శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ ముఖం, 1867 నాటిది, చూడండి. అంచులు మసకే. ముసలాయన కళ్ళు మాత్రం మనల్ని వదలవు. ఆవిడ నిజంగా చేసిన పని మసక కాదు. దగ్గరికి జరగడం.

దూరం సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. "24 ఎం.ఎం.తో తీస్తే ముక్కు పెద్దగా వస్తుంది, 85 అయితే రాదు" అంటుంటారు. ముక్కుని పెద్దది చేసేది లెన్సు కాదు, మనం నిలబడిన చోటు. ముక్కు అడుగు దూరంలో ఉంటే చెవి దాదాపు అడుగున్నర దూరంలో ఉంటుంది. అందుకే సెల్ఫీలో ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కిపోతాయి. ఆరడుగుల దూరం వెళ్తే ఆ తేడా లెక్కలోకి రాదు. 85 ఎం.ఎం. చేసే మేలల్లా, ఆరడుగుల దూరంలో నిలబడి కూడా ఫ్రేము నిండా ముఖం పట్టనివ్వడం. చిన్న సెన్సర్ కెమెరా అయితే చవకగా దొరికే 50 ఎం.ఎం. ఆ పని చేసేస్తుంది. ఎఫ్/1.8 దగ్గర, రెండు మీటర్ల దూరంలో స్పష్టంగా ఉండేది ఆరు సెంటీమీటర్ల మందం మాత్రమే. కాబట్టి దగ్గరున్న కంటి మీద ఫోకస్ పెట్టాలి. చెవి పోతే పోనీ.

అయితే ఆరడుగుల దాకా రానివ్వడం అందరికీ ఒకటి కాదు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయిన లాలా దీన్ దయాళ్‌కి ఈ సంగతి బాగా తెలుసు. మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రభుత్వోద్యోగం చేసిన మనిషి. నవాబులూ దొరలూ ఆయన కెమెరా ముందు కూర్చున్నారు. పరదా పాటించే ఆడవాళ్ళ ఫొటో తీయాలంటే మాత్రం ఎంత మంచి లెన్సూ చాలదు. 1892లో హైదరాబాద్‌లో ఆయన ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, దాన్ని మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ చేతిలో పెట్టారు. లెన్సు మార్చి కాదు, లెన్సు వెనకున్న మనిషిని మార్చి ఆ దూరం దాటారు. పోర్ట్రెయిట్ గురించి నాకు తెలిసిన గొప్ప టెక్నిక్ ఇదే.

అమ్మమ్మ విషయంలో నేను ముందు చేసింది తప్పే. లెన్సు చెప్పిన దూరంలో నిలబడి, మొహం కెమెరా వెనక దాచేసుకుని, "మామూలుగా ఉండు" అన్నాను. అలా మొహం దాచుకున్నవాడి ముందు ఎవరు మామూలుగా ఉంటారు? తర్వాత కెమెరా ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. పెళ్ళి ఫొటో ఎక్కడ తీయించారని అడిగాను. ఫొటో తీసినవాడు గడ్డం పట్టుకుని తల పక్కకి తిప్పబోతే తాతయ్యకి కోపమొచ్చిందట. అది చెబుతూ చెబుతూ నవ్వింది.

అప్పుడు తీశాను. ఫోకస్ కంటి మీద కాకుండా చెంప మీద పడింది. ఫ్రేము కట్టించింది ఆ ఫొటోనే.