యుద్ధకాలపు కుందేటికూర

తా పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించువాడు మన సామెతలో నున్నాడు. 1940లో ఇంగ్లండున కుందేలు చేజిక్కిన గృహిణి అట్టి వాదమునకు దిగియుండదు. నాలుగు కాళ్లును, వీపును, తుదకు ఎముకలును లెక్కించుకొని, ఒక్క కుందేటితో ఇంటిల్లిపాదికి రెండు పూటలు గడుపుట యెట్లని యోచించి యుండును. ఆమె వంటకు పొయ్యి యెంత ముఖ్యమో ఆ రోజులలో రేడియో అంత ముఖ్యమయ్యెను. మా వృత్తికి దగ్గరి ముచ్చట గనుక దీనిని శ్రోతల ముందుంచుచున్నాము.

ముందొక మాట. మనము కుందేలనియు, కొన్ని సీమలలో చెవులపిల్లి యనియు పిలుచు జంతువు వేరు. ఇంగ్లీషువారి రాబిట్ వేరు. మనది బొరియ త్రవ్వదు. గడ్డిలో పల్లము చేసికొని పరుండును. దానిని వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. రాబిట్ బొరియలు త్రవ్వి గుంపుగా కాపుర ముండును. అది ఇంగ్లండున మొదటినుండి యున్నది కాదు. నార్మన్ ప్రభువుల కాలమున, 12వ శతాబ్ది ప్రాంతమున, మాంసమునకును చర్మమునకును ప్రత్యేకపు దొడ్లలో దానిని పెంచసాగిరి. తరువాత చాల కాలము అది ప్రభువుల సొత్తు. 1828 నాటి చట్టము ప్రకారము రాత్రివేళ పరుల భూమిలో కుందేళ్లను పట్టుచు మూడవమారు దొరికినవానికి ఏడేండ్ల ద్వీపాంతరవాసము విధింప వచ్చును! తన పైరును మేసిపోవు కుందేటిని తానే చంపుకొను హక్కు, భూస్వామి కాదనుటకు వీలులేకుండ, కౌలురైతునకు దక్కినది 1880లో. పేదవాని కుండలోనికి కుందేలు నిర్భయముగ వచ్చినది అటు పిమ్మటనే యనవలెను.

ఇక యుద్ధము. 1940 జనవరి 8వ తేదీన బ్రిటనులో బేకన్ అను పందిమాంసమునకు, వెన్నకు, పంచదారకు రేషను విధించిరి. బేకన్ మనిషికి వారమునకు 4 ఔన్సులు. మార్చి 11న తక్కిన మాంసమునకును రేషను వచ్చెను. ఇందొక చమత్కారము కలదు. మాంసమును తూకముచే గాక వెలచే పంచిరి: మనిషికి వారమునకు ఒక షిల్లింగు పది పెన్నీల మాంసము. చౌక ముక్కలు కొన్నవారికి ఎక్కువ వచ్చును, మంచివి కొన్నవారికి తక్కువ. కుందేటికి మాత్రము రేషను లేదు. దొరికిన వారిది అదృష్టము. పల్లెవాడు పొలముగట్టున వల పన్ని తెచ్చుకొనెను. పట్టణవాసి దుకాణము ముందు వరుసలో నిలువవలసి వచ్చెను. ఈ అసమానమును ఏ కార్డును సరిదిద్దలేదు.

ఆ 1940 జూన్‌లోనే ఆహార మంత్రిత్వశాఖయు బి.బి.సి.యు గలిసి ‘కిచెన్ ఫ్రంట్’ అను ప్రసారము నారంభించిరి. ఉదయము 8 గంటల వార్తల పిమ్మట, 8.15కు, కొలది నిమిషములు మాత్రమే. గృహిణి సంచి పుచ్చుకొని బజారునకు బయలుదేరు లోపల చెప్పవలసినది చెప్పుట దీని కిటుకు. వంట చెప్పినవారిలో ‘గర్ట్, డెయిసీ’ అను పేర్లతో హాస్యమాడు అక్కచెల్లెండ్రును, ‘రేడియో డాక్టరు’ చార్లెస్ హిల్‌గారును గలరు. మా యభిప్రాయమున అధికారుల ఉపన్యాసములకంటె ఆ అక్కచెల్లెండ్ర పరాచికములే ఎక్కువ కుండలను పొయ్యి కెక్కించి యుండును. మైకు ముందు కూరుచుండి వంట చెప్పుట సులభము కాదు. వినువారి చేతిలో కాగితముండదు, పాలు పొంగుచుండును, కొలతను రెండుమారులు చెప్పినను ఒకమారే చెవిని బడును.

ఇంతకును ఆ కూర యెట్టిది? వారు దానిని స్ట్యూ అందురు. పులుపు లేదు గనుక మన పులుసు కాదు. నీరు నిలిచియుండును గనుక ఇగురును కాదు. కుందేటిని కీళ్లకడ ముక్కలు చేసి, ఉప్పునీట కొంతసేపు నాననిత్తురు. నెత్తురు దిగి మాంసము తెల్లబడును. పిదప ముక్కలకు గోధుమపిండి పట్టించి కొవ్వులో ఎఱ్ఱగా వేయింతురు. అడవికుందేటి యొంటిపై కొవ్వు మిక్కిలి తక్కువ. అందుచే కూర ఎండిపోకుండ బేకన్ ముక్క యొకటి చేర్చుట వాడుక. వారమునకు నాలుగు ఔన్సులలో ఆ ముక్క యెంత విలువైనదో ఊహింపవచ్చును. తరువాత క్యారట్, టర్నిప్, బంగాళాదుంప, పిడికెడు బార్లీ వేసి నీరుపోసి సన్నని సెగపై రెండు గంటలు ఉడికింతురు. కూరగాయలకు కొదవలేదు, పచ్చికబయళ్లును పూలతోటలును త్రవ్వి పండించుడని ప్రభుత్వము ప్రోత్సహించుచుండెను. కొదవ యున్నది ఉల్లికి. ఉల్లి నెగుమతిచేయు బ్రిటనీ తీరమును, ఛానల్ దీవులును 1940లో జర్మనుల వశమయ్యెను. మరుసటి యేడు కచేరీలలో ఒక్క ఉల్లిపాయకు లాటరీ వేసికొనిరన్నచో, ఉల్లిలేని వంట యెరుగని మన యిండ్లవారికి జాలి కలుగక మానదు.

రెండు గంటల సెగకు గ్యాసో బొగ్గో కావలెను, వానికిని పొదుపే. అందుకు గడ్డిపెట్టె యుపాయమును ప్రచారము చేసిరి. చెక్కపెట్టెలో ఎండుగడ్డి దట్టముగా కూరి నడుమ గుంట చేయుదురు. కుండను బాగుగ తెర్లించి, మూతతో సహా ఆ గుంటలో దించి, పైన గడ్డిదిండు వేసి మూసెదరు. వేడి వెలికి పోవు దారి లేక, పొద్దున దించిన కూర సాయంకాలమునకు దానంతట ఉడికియుండును. ఫ్యాక్టరీ పనికి పోవు స్త్రీలకు ఇది యెంతయో అనుకూలము.

పెరటిలో కుందేళ్లను పెంచుకొనుమని కూడ ప్రోత్సహించి, పెంపకపు సంఘములలో చేరినవారికి తవుడు ఇప్పించిరి. పిల్లలు వానికి పేర్లు పెట్టకుండ చూచుట మాత్రము ఏ మంత్రిత్వశాఖ తరమును కాకపోయెను.

యుద్ధము ముగిసినను రేషను ముగియలేదు. మన వైపున, నాటి మదరాసు రాష్ట్రములో, రాజాజీగారు 1952 జూన్‌లో ఆహారధాన్యములపై అదుపు తొలగించిరి. బ్రిటనులో మాంసపు రేషను తొలగినది 1954 జూలై 4వ తేదీన. సరిగా ఆ నడుమనే కుందేటికి చేటు మూడెను. 1952 జూన్‌లో ఫ్రాన్సునందు ఆర్మాన్-దలీల్ అను వైద్యుడు తన తోటలోని కుందేళ్లను వదలించుకొనుటకై మిక్సొమటోసిస్ అను వ్యాధిని రెండు కుందేళ్ల కంటించి విడిచెను. 1953లో అది సముద్రము దాటి కెంటు జిల్లాలో కనబడెను. 1955 నాటికి బ్రిటనులోని కుందేళ్లలో మిక్కిలి హెచ్చుభాగము నశించెను. ఆ వ్యాధి మనుష్యులకు సోకదు. అయినను కన్నులు వాచి బాటల ప్రక్క తిరుగాడు కుందేళ్లను చూచినవారు మరల దానిని కొనుట కిష్టపడలేదు. పైరు కాపాడుకొను రైతులు కొందరు రోగపు కుందేళ్లను పొరుగూళ్లకు మోసికొనిపోయి విడువసాగిరి. వ్యాధిని బుద్ధిపూర్వకముగ వ్యాపింపజేయుటను 1954లో పార్లమెంటు నేరముగా చేసెను.