మా తమ్ముడి కాలు - పోలియో కథ

ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకం ఒకటి రాయమన్నారు. ఇన్నేళ్ల ఫైళ్లలో నాకు బాగా గుర్తున్నది పోలియో డ్యూటీ.

1958లో మా తమ్ముడికి రెండేళ్లు, నాకు ఏడు. అమ్మ వాడికి చెరువులో స్నానం చేయించిన మర్నాడు జ్వరం వచ్చింది. ఊళ్లో వైద్యం చేసే ఒకాయన సూదిమందు వేశాడు. మూడోనాటికి కుడికాలు పడిపోయింది. "చెరువులో ముంచావు, బిడ్డ కాలు తీశావు" అంది నాయనమ్మ. పసర్లు, తాయెత్తులు అన్నీ అయ్యాయి. కాలు రాలేదు. అమెరికాలో డాక్టర్ జోనస్ సాక్ టీకా 1955లోనే వచ్చింది గాని, మా ఊరిదాకా రాలేదు.

1995 డిసెంబరులో పల్స్ పోలియో దేశమంతటా మొదలైంది. అప్పుడు నేను ఎమ్మార్వో ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. బూత్ డ్యూటీ వేశారు. ముందురోజు శిక్షణలో డాక్టరుగారు చెప్పిన సంగతులివి.

పోలియో క్రిమి మలంతో కలుషితమైన నీరు, ఆహారం, చేతుల ద్వారా నోట్లోకి పోయి పేగుల్లో పెరుగుతుంది. సోకినవారిలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. కొందరికి జ్వరం, తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, కాళ్లూచేతుల నొప్పులు ఉంటాయి. సుమారు 200 మందిలో ఒకరికి వెన్నుపాములోని నరాలు దెబ్బతిని అవయవం శాశ్వతంగా చచ్చుబడుతుంది. అలాంటివారిలో 5 నుంచి 10 శాతం మంది ఊపిరి కండరాలు పనిచేయక మరణిస్తారు. వచ్చాక నయంచేసే మందు లేదు. వ్యాయామం, కాలికి పట్టీలు, ఆపరేషన్లు కొంత ఊతమిస్తాయి, అంతే. ఆ జ్వరంలో కండకు సూది వేస్తే చచ్చుబడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

క్రిమి చేరిన వారం నుంచి మూడు వారాలకు గాని కాలు పడదని కూడా ఆయన చెప్పారు. అంటే జ్వరానికి ముందురోజు చేయించిన స్నానం కారణం కానే కాదు! ఆ రాత్రే అమ్మకు చెప్పాను. 37 ఏళ్లు ఆ నింద మోసిన మనిషి చాలాసేపు మాట్లాడలేదు. "ఈ మాట మీ నాయనమ్మ ఉండగా తెలిస్తే బాగుండేదిరా" అంది. తెల్లారి వీధిలోని పసిపిల్లల్ని తానే ఎత్తుకుని బూత్‌కు తెచ్చింది.

అందరికీ ఒకేరోజు చుక్కలు ఎందుకని తల్లులు అడిగేవారు. ఊళ్లోని పిల్లలందరికీ ఒక్కసారే రక్షణ కలిగితే క్రిమికి నిలవనీడ ఉండదని చెప్పేవాళ్లం. ఆ శ్రమ ఫలించింది. 2009లో దేశంలో 741 కేసులు, 2010లో 42. 2011 జనవరి 13న హౌరాలో బయటపడ్డదే చివరిది. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతంతో పాటు మన దేశానికి పోలియో రహిత ధ్రువీకరణ దక్కింది.

అయినా ఆదమరవకూడదు. 2016లో హైదరాబాదు మురుగునీటిలో, టీకా క్రిమి నుంచి మార్పు చెందిన రకం బయటపడితే, దాదాపు 3 లక్షలమంది పిల్లలకు ఇంజక్షన్ టీకా వేశారు. పొరుగున పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్లలో ఈ వ్యాధి పూర్తిగా పోలేదు.

నేటి తల్లిదండ్రులు పోలియో పడ్డ కాలును చూసి ఎరుగరు. మనం చూశాం. కనుక మనవలకు, మునిమనవలకు చుక్కలు, ఇంజక్షన్లు వేళకు పడ్డాయో లేదో కార్డు తీసి చూడవలసిన బాధ్యత మనదేనని మనవి.