కడుపులో కాపలా

1985. ఢిల్లీ ఎయిమ్స్‌లో అప్పుడే పుట్టిన పిల్లల వార్డు. ఫినాయిల్ వాసన, పాల వాసన కలిసి ముక్కుకు కొడుతున్నాయి. పసికందుల మలం శాంపిళ్లు ల్యాబ్‌కు వెళ్లాయి. రిపోర్టు వచ్చింది. రోటా వైరస్! పిల్లల డాక్టర్లకు గుండె జారే పేరది. ఆగని వాంతులు, నీళ్ల విరేచనాలు, లోతుకు పోయిన కళ్లు, గంటల్లోనే తోటకూర కాడలా వడలిపోయే ఒళ్లు, ఆస్పత్రికి చేరేలోపే ఆరిపోయే ప్రాణం... డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్ బృందం ఉయ్యాలల వైపు చూసింది. పిల్లలు హాయిగా నిద్రపోతున్నారు!

వైరస్ ఉంది. జబ్బు లేదు. ఎలా?

ఆ పిల్లల్ని వదల్లేదు. పెరుగుతుంటే గమనిస్తూనే ఉన్నారు. పుట్టగానే ఈ వైరస్ సోకినవాళ్లకు తర్వాత రోటా విరేచనాలు తక్కువగా వస్తున్నాయని 1993లో తేలింది. ఆ వైరస్‌కు 116ఇ అని పేరు పెట్టారు. మనుషుల వైరసే. కానీ అందులో ఒక జన్యువు పశువుల వైరస్ నుంచి వచ్చింది. జబ్బు చేయకుండానే ఒంటికి పాఠం చెప్పి పోతోంది. మరి ఆ పాఠం ఒంట్లో ఎక్కడ నిలుస్తోంది?

పేగు గోడలో. రోటా వైరస్ దాడి చేసేది చిన్నపేగు లోపలి పొర మీద. రక్తంలో తిరిగే యాంటీబాడీలు అక్కడికి అంతగా అందవు. అక్కడి పని ఐజీఏ అనే యాంటీబాడీది. పేగు గోడలోని కణాలు దాన్ని తయారుచేస్తాయి, పైపొర కణాలు దాన్ని మోసుకెళ్లి పేగులోకి వదులుతాయి, అది జిగురులో కాచుకుని ఉండి వైరస్ గోడకు అంటుకునేలోపే పట్టేస్తుంది. మన ఒంట్లో రోజూ తయారయ్యే యాంటీబాడీల్లో ఎక్కువ భాగం ఇదే. దాన్ని నిద్రలేపాలంటే టీకా నోట్లోంచే పోవాలి. సూది కాదు, చుక్క.

చుక్క తయారుచేసేదెవరు? హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీ. భారత్ బయోటెక్. డోసు ఒక్క డాలరుకే ఇస్తామని కంపెనీ అధినేత కృష్ణ ఎల్లా మాటిచ్చారు. కానీ ఒక భయం వెంటాడుతోంది. పేగులో ఒక భాగం మరో భాగంలోకి జొరబడిన కేసులు బయటపడటంతో 1999లో అమెరికాలో ఒక రోటా టీకాను వెనక్కి తీసుకున్నారు. ఇక్కడా అదే జరిగితే?

2011 మార్చి. ఢిల్లీ, పుణె, వేలూరు. 6,799 మంది పసిపిల్లలు. కొందరికి టీకా, కొందరికి ఉత్త చుక్కలు. ఎవరికేది పడిందో తల్లికీ తెలియదు, వేసిన డాక్టరుకూ తెలియదు. పిల్లాడు కడుపు పట్టుకుని ఏడిస్తే చాలు, పేగులోకి పేగు జొరబడిందేమోనని పరీక్షలకు పరుగు. రెండేళ్లు గడిచాయి. గుట్టు విప్పే రోజొచ్చింది.

2013 మే 14. ఢిల్లీలో ఫలితం చదివారు. తీవ్రమైన రోటా విరేచనాల నుంచి మొదటి ఏడాది 56 శాతం రక్షణ. నూటికి నూరు కాదు. తల్లిపాలలోని యాంటీబాడీలు, పేగులోని మిగతా క్రిములు చుక్కల బలాన్ని కొంత తగ్గిస్తుండొచ్చు. అయినా వేలమంది పిల్లలు చనిపోయే దేశంలో సగానికి పైగా కాపలా అంటే చిన్న మాటా? 2016 మార్చిలో సర్కారు టీకాల్లోకి ఈ చుక్కలు చేరాయి. మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తర్వాత రోటా చుక్కలు దేశమంతటికీ చేరాయి.

ఇవాళ తెలంగాణలోని బోయినపల్లిలోనూ టీకాల బుధవారం నాడు రోటా చుక్కలు వేస్తారు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు. ఒడిలో బిడ్డ. తల్లికి అనుమానం.

"పోలియో సుక్కలు ఏసిండ్రు గదా నర్సమ్మా, మళ్ల గివెందుకు?"

"అవి పోలియోకు. ఇవి మోషన్లకు."

"అంటే ఇగ మోషన్లు రావా?"

"వస్తే రావచ్చు. గని పానం మీదికి రాకుంట కాపాడ్తయి. ఓఆర్ఎస్ పాకిట్లు ఇంట్ల పెట్టుకో. నాలుగు వారాలకు మళ్ల తోల్కరా, మర్శిపోకు."