కగోమె

జపాన్‌లో ఇది వెదురు బుట్టలల్లేవాళ్ల మాట. 'కగో' అంటే బుట్ట, 'మె' అంటే కన్ను, అంటే బద్దల మధ్య మిగిలే సందు. ప్రతి షడ్భుజం చుట్టూ త్రిభుజాలు తేలే ఈ అల్లిక పేరును కోజి ఫుషిమి సూచించగా, ఆయన దగ్గర పనిచేసిన ఇచిరో షోజి 1951లో తన వ్యాసంతో భౌతికశాస్త్రానికి పరిచయం చేశాడు.

అయస్కాంత పదార్థాల్లో పరమాణువులు ఈ అల్లికలా అమరితే పెద్ద పేచీ. పక్కపక్క పరమాణువుల స్పిన్‌లు, అంటే వాటి చిట్టి అయస్కాంతాలు, ఎదురెదురు దిశల్లో నిలవాలనుకుంటాయి. త్రిభుజంలో రెండింటికి కుదిరితే మూడోదానికి కుదరదు. దీన్నే ఫ్రస్ట్రేషన్ అంటారు.

బయటి అయస్కాంత క్షేత్రం పెంచుతూపోతే అయస్కాంతీకరణ కూడా నిలకడగా పెరగాలి కదా? ఇక్కడ అది గరిష్ఠంలో మూడోవంతు దగ్గర ఒక మెట్టులా ఆగిపోగలదు. సరళంగా చెప్పాలంటే ప్రతి త్రిభుజంలో రెండు స్పిన్‌లు క్షేత్రం వైపు, ఒకటి ఎదురు తిరిగి నిలుస్తాయి. కాస్త వంకర తిరిగిన కగోమె అల్లిక ఉన్న వోల్బోర్థైట్ అనే రాగి ఖనిజంలో ఈ మెట్టు సుమారు 28 టెస్లాల దగ్గర మొదలై 70 టెస్లాలు దాటినా చెదరలేదు.

ఇప్పుడీ మాట అయస్కాంతాలకే పరిమితం కాదు; అతివాహకత చూపే 'కగోమె లోహాలు' కూడా ఉన్నాయి.