ఫ్లాపీ నుండి ఫ్లాష్‌కు: ఒక ప్రతిలేఖన చరిత్ర



ముప్ఫైయేళ్ళకు పైగా బడిలో శబ్దమంజరి, బాలవ్యాకరణం చెప్పుకొని పదవీ విరమణ చేసినవాడను. కంప్యూటరు ఆటలను గురించి వ్రాయడానికి నీకేమి అర్హత అని మీరడిగితే నా వద్ద సమాధానం లేదు. ఆటలు ఆడను, ఆడడం రాదు కూడా. అయినా ఈ టపా ఆటలను గురించినదే. చివరిదాకా చదివితే ఎందుకు వ్రాసినానో తెలుస్తుంది.

2019లో జర్మనీలో అమ్మాయి ఇంట మూడు నెలలున్నాము. పక్కవాటాలో యాభయ్యేళ్ళ పెద్దమనిషి ఒకరుండేవారు. ఒకనాటి సాయంత్రం మా అల్లుడిని, నన్ను తమ నేలమాళిగకు పిలిచినారు. అక్కడ బల్లమీద ఒక గోధుమరంగు కంప్యూటరు, దాని పక్కన ఇటుకవలె బరువైన డిస్క్ డ్రైవు ఉన్నవి. డ్రైవులో నల్లని ఫ్లాపీ పెట్టి ఏదో టైపు చేసినారు. డ్రైవు గురగురలాడినది, ఎర్రదీపం వెలిగినది. తెరమీద బొమ్మ వచ్చేసరికి ఇచ్చిన కాఫీ సగమైనది. తరువాత యంత్రాన్ని ఆపి, దాని వెనుక అగ్గిపెట్టెకంటె కొంచెం పెద్దదైన ఒక పెట్టెను గుచ్చి, మరల మీట వేసినారు. అదే ఆట కన్నుమూసి తెరిచేలోగా ప్రత్యక్షమైనది.

"ఫ్లాపీలో ఉన్నదానిని దీనిలోకి నకలు చేసినారన్నమాట" అన్నాను అల్లుడితో. అల్లుడు ఆ మాటను జర్మనులో చెప్పగానే ఆయన నవ్వినారు. ఆ ఒక్క ఆటను మార్చడానికి ఒక శీతకాలపు సాయంత్రాలన్నీ పట్టినవట. నకలుకు అంత కాలమెందుకు? ఆ ప్రశ్న వెంటబడి నేను తెలుసుకొన్న చరిత్ర ఇది.

ఆ యంత్రం పేరు కమొడోర్ 64. 1982 జనవరిలో అమెరికాలో ప్రదర్శించినారు, ఆ సంవత్సరమే 595 డాలర్ల ధరకు అమ్మకానికి వచ్చినది. పేరులోని 64 దాని మెమొరీ: 64 కిలోబైట్లు. ఆ సంస్థ 1994లో దివాలా తీసినది గాని, ఐరోపాలో, ముఖ్యంగా జర్మనీలో, ఒక తరం బాల్యమంతా ఆ యంత్రం ముందే గడిచినది. దానికి జోడు 1541 అనే డిస్క్ డ్రైవు. అయిదుంబావు అంగుళాల ఫ్లాపీ ఒక పక్కన 35 వలయాలు. వెలుపలి వలయాలలో 21 ఖండాలు, లోపలికి పోయేకొద్దీ తగ్గుతూ 17. మొత్తం 683 ఖండాలు, ఒక్కొక్క దానిలో 256 బైట్లు. హెచ్చవేస్తే 1,74,848 బైట్లు. నడుమనున్న 18వ వలయంలో విషయసూచిక.

ఈ డ్రైవు కేవలం చదివిపెట్టే పనిముట్టు కాదు. దానిలోపల దానిదే ఒక ప్రాసెసరు, దానిదే 2 కిలోబైట్ల మెమొరీ. అంటే బల్లమీద ఉన్నవి రెండు కంప్యూటర్లు, నడుమ ఒక సన్నని తీగ. ఆ తీగమీద సంభాషణ మహా నెమ్మది. అంతకు ముందరి నమూనాలో వాడిన ఒక చిప్పులో లోపముండినందున బైటును యంత్రమే తనంత తాను పంపే వీలు పోయి, ఒక్కొక్క బిట్టును ప్రోగ్రామే లెక్కపెట్టి పంపవలసి వచ్చినది. ఆ ఏర్పాటే ఈ కొత్త యంత్రానికీ సంక్రమించినది. తెరమీద బొమ్మ గీసే చిప్పు నడుమనడుమ ప్రాసెసరును ఆపుతుంది గనుక ఇంకా నెమ్మదించినది. సెకనుకు సుమారు 400 బైట్లు. 40 కిలోబైట్ల ఆట ఎక్కడానికి ఒకటిన్నర నిమిషం దాటుతుంది.

ఈ జాప్యాన్ని భరించలేక ఆటలు వ్రాసేవారు ఒక ఉపాయం పన్నినారు. డ్రైవుకున్న ఆ 2 కిలోబైట్ల మెమొరీలోకి తమ సొంత ప్రోగ్రామును పంపి, రెండు యంత్రాలచేత తాము కల్పించిన కొత్త భాషలో మాట్లాడించినారు. వేగం అనేక రెట్లు పెరిగినది. కాని దాని ఫలితమేమి? ఆట ఇప్పుడు ఒక్క గ్రంథం కాదు. సగం కంప్యూటరులో, సగం డ్రైవులో నడిచే జంటగ్రంథం. డ్రైవు తీసివేస్తే సగం నోరు మూగబోతుంది.

దానికి తోడు కాపలా. నకళ్ళు చేసుకోకుండా కొన్ని సంస్థలు ఫ్లాపీమీద కావాలని చెడిన ఖండాలను ఉంచేవి. ఆట మొదలయ్యేముందు ఆ ఖండాన్ని చదువుతుంది. దోషం కనబడితేనే అసలు ప్రతి అని నమ్ముతుంది. మామూలు నకలులో ఆ దోషం రాదు గనుక ఆట కదలదు. లేఖకుని తప్పునే ముద్రగా వాడుకొన్నారన్నమాట! పాపం, ఆ చెడిన ఖండాన్ని చదవలేక డ్రైవు తన చదివే తలను పదేపదే అంచుకు కొట్టుకొని, కొంతకాలానికి గురి తప్పేది.

ఈ కాపలాను ఛేదించిన కుర్రవాళ్ళు ఐరోపా అంతటా ఉండేవారు. వారు చేసినది చట్టరీత్యా దొంగతనమే. ఆటకు ముందు తమ పేర్లు, సంగీతం, మిత్రులకు శుభాకాంక్షలు చేర్చి వదిలేవారు. మన తాళపత్రాల చివర లేఖకులు తమ పేరు, ఊరు, తిథి వ్రాసుకొన్నట్టే అనిపించినది నాకు. అసలు ఫ్లాపీలు బూజుపట్టిపోయిన చోట ఎన్నో ఆటలకు ఆ దొంగప్రతులే మిగిలినవి. వాటిలో కొన్నిటికి అంగహీనతలు కూడ ఉన్నవి: చోటు చాలక ఆరంభదృశ్యం తీసివేసినవి, కాపలాను సరిగా ఛేదించలేక నడుమన ఆగిపోయేవి. ఇప్పటి ఔత్సాహికుడు ఈ ప్రతులనన్నిటిని పోల్చి, ప్రక్షిప్తాలు తొలగించి, మూలపాఠాన్ని తేల్చుకోవాలి. మిత్రులారా, ఇది పాఠపరిష్కరణ కాక మరేమి? బ్రౌనుదొర కడపలో పండితులను కూర్చోబెట్టి చేయించినది ఇటువంటి పనినే గదా.

ఇక కార్ట్రిడ్జి సంగతి. మా పొరుగాయన వాడినది ఈజీఫ్లాష్ అనే రకం. ఔత్సాహికులే రూపొందించి, పటాలతో సహా లోకానికి ఉచితంగా ఇచ్చినది. దానిలో ఒక మెగాబైటు ఫ్లాష్ మెమొరీ ఉంటుంది. కాని కంప్యూటరు దానిని ఒక్కమారుగా చూడలేదు. 16 కిలోబైట్ల కిటికీలోనుండి మాత్రమే చూస్తుంది. అందుచేత మెగాబైటును 64 పుటలుగా విభజించినారు. 56832వ చిరునామాలో పుటసంఖ్య వ్రాస్తే ఆ పుట కిటికీలోకి వస్తుంది. అయిదు ఫ్లాపీ పక్కలు దీనిలో హాయిగా పడతాయి. ఆరవది పట్టడానికి సరిగ్గా 512 బైట్లు, అంటే రెండంటే రెండు ఖండాలు, తక్కువ! ఈ లెక్క వేసి చూసుకొని నేనే నవ్వుకొన్నాను.

మార్చే పని ఇట్లా సాగుతుంది. ఒక్కమారుగా మెమొరీలోకి ఎక్కి ఇక డిస్కును అడగని ఆటలు సులువు. ఫ్లాష్‌నుండి మెమొరీకి నకలు చేసి, ఆరంభస్థానానికి దుమికితే చాలు. నడుమనడుమ డిస్కును అడిగే ఆటలతోనే తంటా. ఆ అడగడం యంత్రంలోని ప్రామాణిక పద్ధతిలో ఉంటే 816, 817 చిరునామాలలో ఒక సూచిక ఉంటుంది. దానిని మన సొంత ప్రోగ్రాము వైపు తిప్పవచ్చు. ఆట డిస్కునే అడిగాననుకొంటుంది, సమాధానం ఫ్లాష్ చెబుతుంది. సొంత భాషలో డ్రైవుతో మాట్లాడే ఆటలైతే, ఆ సంభాషణ జరిగే ప్రతి చోటును యంత్రభాషలో వెదకి పట్టుకోవాలి. ఫలానా వలయం, ఫలానా ఖండం అని అడిగిన ప్రతిమాటనూ ఫలానా పుట, ఫలానా పంక్తి అని అనువదించాలి.

అనువాదకుడు నిలవడానికి చోటేది? ఆట 64 కిలోబైట్లనూ నిండా ఆక్రమించి కూర్చున్నది. ఈ కార్ట్రిడ్జి రూపకర్తలు ఆ చిక్కును ముందే ఊహించి, దానిలో 256 బైట్ల చిన్న మెమొరీని విడిగా పెట్టినారు. అనువాదకుడు ఆ పంచన సర్దుకోవాలి. 256 బైట్లంటే తెలుగు యూనికోడులో వంద అక్షరాలు కూడ పట్టని చోటు.

ఆట నిల్వ చేసుకొనే సంగతి మరొక చిక్కు. రిచర్డ్ గారియట్ రచించిన అల్టిమా 4 (1985) వంటి పెద్ద ఆటలలో ఊరిలోకి పోవాలంటే ఒక డిస్కు, బయటి దేశంలో తిరగాలంటే మరొకటి. ఆటగాడి ప్రయాణమంతా డిస్కుమీద వ్రాయబడుతూ ఉంటుంది. ఫ్లాపీమీద ఒక ఖండాన్ని ఎన్నిమార్లైనా చెరిపి వ్రాయవచ్చు. ఫ్లాష్ స్వభావం వేరు. దానిలో 1ని 0 చేయవచ్చు గాని 0ను మరల 1 చేయాలంటే 64 కిలోబైట్ల భాగాన్ని మొత్తంగా తుడవాలి. తాటాకుమీద గంటం గీసిన గీటును పూడ్చలేము కదా, అటువంటిది. కాబట్టి పాతదానిని చెరపకుండా, ఖాతాపుస్తకంలో వలె కొత్తదానిని దాని కింద వ్రాస్తూపోయి, పుస్తకం నిండినపుడే తుడిచే ఏర్పాటు చేసుకోవాలి.

అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసినది ఒక చిన్న విషయం. ఫ్లాపీ నెమ్మదిగా ఎక్కుతుంది గనుక, ఆ సమయంలో చూడడానికని చిత్రకారులు అందమైన ముఖచిత్రాలు వేసేవారు. ఫ్లాష్‌లో ఆ చిత్రం మెరుపువలె వచ్చి మాయమవుతుంది. అందుకని మీట నొక్కేదాకా ఆగేటట్టు చేయవలసి వచ్చినదని ఆయన చెప్పినారు. జాప్యంకూడ రచనలో భాగమే! దానిని గుర్తించనివాడు ప్రతి అక్షరాన్నీ తప్పులేకుండా నకలు చేసి కూడ గ్రంథాన్ని పోగొట్టగలడు.

ఈ విద్యకు పరాకాష్ఠ అనదగిన ఉదాహరణ ఒకటి. జోర్డన్ మెక్నర్ 1989లో ఆపిల్ 2 యంత్రానికి 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' రచించినాడు. అది 128 కిలోబైట్ల మెమొరీ కోరుతుంది. కమొడోర్ 64కు అప్పుడు రానేలేదు. 'మిస్టర్ సిడ్' అనే మారుపేరుగల ఆండ్రియాస్ వార్గా, మూలరచన చేతలేకుండానే, ఆపిల్ డిస్కులోని యంత్రభాషను విప్పి చదివి, దానిని కమొడోర్‌కు మలచి 2011లో ఈజీఫ్లాష్‌మీద విడుదల చేసినాడు. మెమొరీలో పట్టని భాగం కార్ట్రిడ్జిలో ఉన్నది. ఆ మరుసటి యేడు, 2012లో, మెక్నర్ తండ్రిగారికి ఇంట్లో ఒక పాత పెట్టె దొరికినది. పోయినదనుకొన్న మూలరచన డిస్కులు అందులో ఉన్నవి. జేసన్ స్కాట్, టోనీ డియాజ్ అనే ఇద్దరు వచ్చి, ఇరవైయేళ్ళు దాటిన ఆ డిస్కులను జాగ్రత్తగా చదివి ఇవ్వగా, మెక్నర్ దానిని లోకమంతా చూసేటట్టు అంతర్జాలంలో పెట్టినాడు. ఆ డిస్కులు చదవడానికి వీలుపడడం అదృష్టం. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

నాకు లేదు. ఆ మాట చెప్పడానికే ఇంత వ్రాసినాను.

మా బడిలో నాతోపాటు పనిచేసిన మరొక తెలుగు పండితుడు, నాకు అన్నగారివంటివారు, ఇరవైయేళ్ళు పల్లెలు తిరిగి సేద్యపు మాటలు సేకరించినారు. కాడి, మేడి, నొగ, గొర్రు, గుంటక మొదలుగా ప్రతిమాటకు అర్థం, వాడే ఊరు, చెప్పిన రైతు పేరు. 1998లో ఒక డీటీపీ కేంద్రంలో అచ్చుకని కూర్పించినారు. డబ్బు కుదరక పుస్తకం రాలేదు. మూడు చిన్న ఫ్లాపీలు నా చేతిలో పెట్టి, "జాగ్రత్త తమ్ముడూ" అన్నారు. తరువాత కొన్నేళ్ళకు కాలం చేసినారు. వారి వ్రాతప్రతులు చెదలపాలైనవి. నేను ఆ ఫ్లాపీలను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి, జాగ్రత్త చేసినాననుకొన్నాను. మీ అందరితోపాటు యూనికోడులో తెలుగు వ్రాయడం నేర్చుకొన్న తొలినాళ్ళలోనైనా వాటిని తెరిచి చూడలేదు.

జర్మనీనుండి వచ్చిన వారంలోనే పూర్వవిద్యార్థి ఒకడిచేత డ్రైవు తెప్పించి పెట్టించినాను. మొదటిది తెరుచుకొన్నది, రెండవదీ తెరుచుకొన్నది. వాటిలో తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, ప్రశ్నార్థకాలు. ఆ రోజుల ఖతులలో తెలుగు అక్షరపు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల గదులలో దాచేవారు కదా. ఆ ఖతి ఎవరి వద్దా లేదు. అదృష్టవశాత్తు పన్నెండు పుటల అచ్చుచిత్తు ఒకటి నా వద్ద ఉన్నది. దానిని పక్కన పెట్టుకొని, ఏ గుర్తుకు తలకట్టు, ఏ గుర్తుకు ఏ ఒత్తు అని పట్టిక వేసుకొన్నాను. కొన్నిచోట్ల క్రావడి హల్లుకంటె ముందే వచ్చి కూర్చున్నది. వెనుకకు జరపవలసి వచ్చినది. ఒక శీతకాలం పట్టినది. పొరుగాయన నవ్వు అప్పుడు అర్థమైనది.

అకారంనుండి నకారందాకా మాటలన్నీ ఇప్పుడు యూనికోడులో ఉన్నవి. నాలుగు చోట్ల నాలుగు ప్రతులు పెట్టినాను. ఫ్లాష్ కూడ శాశ్వతం కాదు. దానిలోని విద్యుదావేశం ఏళ్ళు గడిచేకొద్దీ కారిపోతుంది. తాటాకు కాలంనుండి నేటిదాకా గ్రంథాన్ని కాపాడినది ఆకు కాదు, మరల మరల ప్రతి వ్రాసిన చేయి.

మూడవ ఫ్లాపీ తెరుచుకోలేదు. ముగ్గురి చేత పరీక్ష చేయించినాను, పూత ఊడిపోయినదన్నారు. పకారంనుండి చివరిదాకా పోయినవి. వాటిని చెప్పిన రైతులలో ఇప్పుడెందరున్నారో తెలియదు. పదేళ్ళు ముందు తెరిచి ఉంటే దక్కేవేమో. ఆ తప్పు నాదే.

కనుక మిత్రులకు రెండు మనవులు. మీ ఇళ్ళలో పాత ఫ్లాపీలు, సీడీలు ఉంటే ఈ ఆదివారమే తెరిచి చూడండి. భద్రంగా ఉన్నవని అనుకోవడం వేరు, చదివి చూసుకోవడం వేరు. రెండవది, మీ ఊరి సేద్యపు మాటలలో పకారంమొదలు ఏవి గుర్తున్నా, అర్థంతోనూ ఊరిపేరుతోనూ కింద వ్యాఖ్యలలో వ్రాయండి. పలుపు, పగ్గం, పన నాకు గుర్తున్నవి. పరిగె కూడ గుర్తున్నది: కోత అయిపోయిన చేలో రాలిన వెన్నులు ఏరుకోవడం. ప్రస్తుతం నేను చేస్తున్నది అదే.